కొత్త ఫ్లాట్‌కు కార్డ్‌లెస్ డ్రిల్: 12 వోల్టులు చాలునా, 18 వోల్టులు కావాలా?

కొత్తకాపురం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బాచుపల్లి దగ్గర కొనుక్కున్న ఫ్లాట్‌లోకి గత నెలలో గృహప్రవేశం చేసుకొని వచ్చాము. పదకొండో అంతస్తు, రెండు పడకగదుల ఇల్లు. అద్దె ఇళ్లలో ఉన్నన్నాళ్లూ గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగవలసి వచ్చేది కనుక, పనిముట్లంటూ నా దగ్గర ఒక సుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు తప్ప మరేమీ లేవు. ఇప్పుడు చేయవలసిన పనులు రాసుకుంటే ఒక పేజీ నిండింది. ఐదు కిటికీలకు కర్టెన్ రాడ్లు, హాల్లో టీవీ బ్రాకెట్టు, దేవుడి గదిలో రెండు అరలు, బాత్‌రూముల్లో అద్దాలు, బాల్కనీ పైకప్పుకు బట్టలారేసే తాళ్ల హ్యాంగరు, ఇవి కాక విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన రెండు బీరువాలు, ఒక పుస్తకాల అర. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే రంధ్రానికింత అని లెక్క చెబుతున్నాడు, పైగా నేను ఇంట్లో ఉండే ఆదివారం తాను రానంటున్నాడు.

మొన్న శనివారం రాణీగంజ్ వెళ్లి రెండు మూడు దుకాణాలు తిరిగాను. ఒకచోట రెండు బ్యాటరీలతో 12 వోల్టుల కిట్, మరొకచోట రెండు బ్యాటరీలతో 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్ చూపించారు. రెండోదానికి ధర ఎక్కువైనా, “ఇంపాక్ట్ ఉంది సార్, ఏ గోడలోనైనా దిగిపోతుంది” అని దుకాణంలోని కుర్రవాడు హామీ ఇచ్చాడు. కొనేసేవాడినే కానీ, అంతకు ముందురోజే పక్క ఫ్లాట్ వారి 18 వోల్టుల డ్రిల్ అడిగి తెచ్చుకొని పడకగది గోడ మీద ప్రయత్నించి ఉన్నాను. పైనున్న పుట్టీ పొర వెంటనే దిగింది. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు ఒంటి బరువంతా వేసి నొక్కినా బిట్ గోరంత లోతు కూడా పోలేదు. చెంచాడు బూడిదరంగు పొడి రాలింది, బిట్ మొన మాత్రం చెయ్యి కాలేంత వేడెక్కింది. లోపం మెషిన్‌దా, బిట్‌దా, నాదా అన్నది అర్థం కాలేదు.

మరొక సంగతి ఏమిటంటే, న్యూజెర్సీలో ఉన్న మా బావగారు సంక్రాంతికి వస్తున్నారు. అక్కడ కిట్లు చౌకగా దొరుకుతాయి, నాలుగు మెషిన్ల సెట్టు తెస్తానంటున్నారు. నేను అనుకున్న ఖర్చు పదిహేను వేలు. మా నాన్నగారు శానం, సుత్తితో గోడకు గుంట చెక్కి, చెక్క బిరడా దిగ్గొట్టి, దానికి మేకు కొట్టిన తరం మనిషి కావడంతో, ఒక డ్రిల్ కొనడానికి ఇంత విచారణ ఎందుకని నవ్వుతున్నారు. అయినా అడుగుతున్నాను: ఏది కొనమంటారు?

చెక్కపని:

వోల్టుల సంగతి తర్వాత చూద్దాము. ముందు మీ గోడ ఏమిటో తేల్చుకోవాలి. నేను పద్దెనిమిదేళ్లుగా ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీది మివాన్ పద్ధతిలో కట్టిన ఇల్లు అయి ఉండాలి. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, ఇనుప జాలీ కట్టి, గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. మివాన్ అన్నది ఆ అచ్చులు తయారుచేసిన సంస్థ పేరే అయినా మన దగ్గర పద్ధతికే ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ ఇళ్లలో చాలా గోడల్లో ఇటుక అన్నదే ఉండదు. పడకగదుల మధ్య గోడ కూడా స్లాబంత గట్టిగా ఉంటుంది. బిల్డరు ఇచ్చిన కాగితాల్లో చూసుకోవచ్చు, లేదా రాలే పొడిని చూసి చెప్పవచ్చు. ఎర్రపొడి ధారాళంగా రాలితే ఎర్ర ఇటుక. తెల్లగా, మెత్తగా, చెయ్యి పెట్టకుండానే రాలిపోతే లైట్ వెయిట్ బ్లాకు. ఫ్లై యాష్ ఇటుక పొడి కూడా బూడిదరంగులోనే ఉంటుంది కానీ బిట్ సులువుగానే పోతుంది. ఎంత నొక్కినా చెంచాడు బూడిదే వచ్చిందంటే అది కాంక్రీటే.

ఇక దుకాణంలో చెప్పిన ఇంపాక్ట్ సంగతి. ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న రెండు ఉక్కు బిళ్లలు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ ఉంటాయి. పన్ను పన్ను దాటినప్పుడల్లా బిట్ వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఎగురుతుంది. నిమిషానికి వేలకొద్దీ దెబ్బలు పడతాయి కానీ ఆ దెబ్బకు బలం మీరు నొక్కే నొక్కుడు నుంచే రావాలి. ఇటుకకు అది చాలును. కాంక్రీటులో కంకర రాయి మొన కిందికి వచ్చిందంటే బిట్ అక్కడే తిరుగుతూ వేడెక్కుతుంది. మీకు జరిగింది అదే, అందులో మెషిన్ తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

కాంక్రీటుకు కావలసినది రోటరీ హ్యామర్. మన దుకాణాల్లో హ్యామర్ మెషిన్ అంటారు. దీనిలో ఒక పిస్టన్ గొట్టంలోని గాలిని నొక్కితే, ఆ గాలి ఒక ఉక్కు ముద్దను బిట్ వెనుక భాగం మీదికి కొడుతుంది. దెబ్బ బలం మెషిన్‌దే కనుక, చేతితో నిలకడగా పట్టుకుంటే చాలును, నొక్కనక్కరలేదు. బిట్లు కూడా వేరు. మామూలు డ్రిల్ ముందు భాగంలో బిట్‌ను పట్టుకునే మూడు పళ్ల చక్‌లో బిగించే గుండ్రటి బిట్లు దీనికి పనికిరావు. వెనుక గాడులున్న ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు కావాలి. బాష్, హిల్టీ సంస్థలు 1975లో తెచ్చిన ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తున్నది కనుక ఏ కంపెనీ బిట్ అయినా ఏ కంపెనీ మెషిన్‌కైనా సరిపోతుంది. కర్టెన్ రాడ్లకు 6 మి.మీ., టీవీ బ్రాకెట్టుకు 8 లేదా 10 మి.మీ. బిట్లు తీసుకోండి. మన ఎలక్ట్రీషియన్లు గిట్టీలు అనే ప్లాస్టిక్ ప్లగ్గులు అవే కొలతల్లో దొరుకుతాయి.

నా సలహా ఇది. వైరుతో నడిచే చిన్న హ్యామర్ మెషిన్ ఒకటి, 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ డ్రైవర్ ఒకటి కొనండి. బాష్ జీబీహెచ్ 220 అన్నది 720 వాట్లు, 2 జౌళ్ల దెబ్బ (ఒక్కో దెబ్బలోని శక్తిని జౌళ్లలో కొలుస్తారు). మకీటా హెచ్‌ఆర్ 2470 అన్నది 780 వాట్లు, 2.4 జౌళ్లు. మీ జాబితాకు ఈ తరగతి మించి అక్కరలేదు. కార్డ్‌లెస్‌ను బీరువాలు బిగించడానికీ, స్క్రూలు తిప్పడానికీ వాడుకోండి. చక్ వెనుక అంకెల రింగు ఒకటి ఉంటుంది, దాన్ని చిన్న అంకె మీద పెట్టి మొదలుపెట్టండి. లేకపోతే పార్టికల్ బోర్డులో స్క్రూ దిగి, ఆగకుండా తిరిగి, పట్టు ఊడిపోతుంది. ఇంట్లో కార్డ్‌లెస్ పాడుచేసే వస్తువులలో మొదటిది గోడ కాదండీ, కొత్త బీరువా.

ఆంపియర్:

చెక్కపని గారి మాటలో గోడ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయితే 12 వోల్టులు కొనమనడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కార్డ్‌లెస్‌లో మనం కొనేది డ్రిల్ కాదు, బ్యాటరీ. డ్రిల్ చెడిపోతే మరొకటి వస్తుంది, కానీ ఏ బ్యాటరీ వరుసలోకి దిగామో రాబోయే పదేళ్లూ దానికే కట్టుబడి ఉంటాము. 18 వోల్టుల వరుసలో దిగితే రేపు చిన్న రంపమో, బ్లోయరో, కార్డ్‌లెస్ హ్యామరో కావాలన్నప్పుడు మెషిన్ ఒక్కటే, బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు. 12 వోల్టుల వరుసలో కూడా మెషిన్లు ఉన్నాయి కానీ బరువు పనులకు అవి చాలవు.

ఈ అంకెల వెనుక ఉన్న లెక్క చెబుతాను. ఒక లిథియం సెల్ 3.6 వోల్టులు. మూడు వరుసగా కలిపితే 10.8, దాన్నే 12 అని అమ్ముతారు. ఐదు కలిపితే 18. పూర్తిగా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్ నాలుగు వోల్టులు దాటుతుంది కనుక, అదే ఐదు సెల్‌ల ప్యాక్‌ను కొందరు 20 వోల్ట్ మాక్స్ అంటారు, 21 అనేవారూ ఉన్నారు. 18, 20, 21 మూడూ ఒకటే. ఆన్‌లైన్‌లో 48 అనీ 88 అనీ పెద్ద అక్షరాలతో రాసి, అతి తక్కువ ధరకు వచ్చే కిట్ల ప్యాక్ విప్పితే లోపల కనిపించేవి తరచుగా అదే ఐదు సెల్‌లు. వాటి జోలికి పోకండి.

బ్యాటరీలో ఎంత శక్తి ఉందో తెలియాలంటే వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చించాలి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అంటే 36 వాట్ అవర్లు. చెక్కపని గారు చెప్పిన 720 వాట్ల హ్యామర్‌ను ఆ శక్తితో ఎడతెరిపి లేకుండా నడిపితే కాగితం మీది లెక్కకు మూడే నిమిషాలు వస్తుంది. కార్డ్‌లెస్ హ్యామర్ ఇంతకంటే పొదుపుగా పనిచేస్తుంది కానీ దానికి కనీసం 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ లేకపోతే పని నడవదు. అందుకే పదిహేను వేలలో వైరు హ్యామర్ అన్న సలహాతో నేనూ ఏకీభవిస్తున్నాను.

ఒకే కంపెనీ పేరుంటే బ్యాటరీలన్నీ కలుస్తాయనుకోవద్దు. బాష్ నీలిరంగు ప్రొఫెషనల్ 18 వోల్టుల బ్యాటరీ, అదే బాష్ ఆకుపచ్చ రంగు ఇంటివాడకం మెషిన్‌కు ఎక్కదు. మకీటా 18 వోల్టుల ప్యాక్ వారి 40 వోల్టుల మెషిన్‌కు ఎక్కదు. బిల్లు వేయించుకునే ముందు దుకాణంలోనే ఒకటి తీసి మరొకదానికి పెట్టి చూడండి. బ్రష్‌లెస్ మోటారు తీసుకుంటే, మామూలు మోటారులో రాసుకుంటూ అరిగిపోయే కార్బన్లు మార్చే పని ఉండదు, బ్యాటరీ కొంత ఎక్కువసేపు వస్తుంది. ఏడాదికి పది రోజులు వాడే ఇంటికి అది తప్పనిసరి కాదు.

డాలస్ వాసి:

మీ బావగారి ప్రతిపాదన గురించి నేను చెప్పగలను, ఎందుకంటే మూడేళ్ల క్రితం మా తమ్ముడికి నేనూ ఇలాగే ఒక సెట్టు మోసుకొచ్చాను. ఇక్కడి మా ఇళ్లు చెక్కతో నిలిపినవి. నిలువు దూలాలు 16 అంగుళాలకొకటి ఉంటాయి, వాటి మీద అర అంగుళం మందం జిప్సం బోర్డు. కార్డ్‌లెస్ డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్ చేతిలో ఉంటే ఇంటి పనులు దాదాపు అన్నీ అయిపోతాయి. అందుకే ఇక్కడివారికి కార్డ్‌లెస్ మీద అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని మీ కాంక్రీటు గోడ దగ్గరికి తెస్తే పని జరగదు. ఆ సెట్టులో ఉండే ఇంపాక్ట్ డ్రైవర్ అన్నది గోడకు సంబంధించినదే కాదు. అది పొడవాటి స్క్రూలను చెక్కలోకి దించడానికి అడ్డంగా, తిరిగే దిక్కులో దెబ్బ కొట్టే మెషిన్. డ్రిల్‌కూ దీనికీ పేరులో ఇంపాక్ట్ ఒక్కటే పోలిక.

రెండోది ఛార్జరు. ఇక్కడి కిట్లలో వచ్చే ఛార్జర్లు సాధారణంగా 120 వోల్టులకు మాత్రమే పనిచేస్తాయి. లాప్‌టాప్ ఛార్జరులాగా 240 దాకా తట్టుకుంటుందనుకొని మా తమ్ముడు పిన్ను మార్చి గోడకు పెట్టాడు. టప్ మని చిన్న శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, అంతే. తర్వాత అక్కడే అదే బ్యాటరీకి సరిపోయే 230 వోల్టుల ఛార్జరు కొనుక్కోవలసి వచ్చింది. డీవాల్ట్ అమెరికాలో 20 వోల్ట్ మాక్స్ అని, ఐరోపాలో 18 వోల్ట్ ఎక్స్‌ఆర్ అని అమ్మేది ఒకే బ్యాటరీ కావడంతో మాకు గట్టెక్కింది. ప్రతి కంపెనీకీ ఇది వర్తించదు.

విమానం సంగతి కూడా ఉంది. మెషిన్లు చెకిన్ సామానులో వేసుకోవచ్చు, విడి బ్యాటరీలు మాత్రం చేతిసంచీలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. పైన ఆంపియర్ గారు చెప్పిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది: 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ల ప్యాక్ 90 వాట్ అవర్లు, 6 అయితే 108. ప్యాక్ మీది స్టిక్కరు మీద ఆ అంకె రాసి ఉంటుంది, అధికారులు చూసేది దాన్నే. వీటన్నిటికీ తోడు, ఇక్కడ కొన్న మెషిన్‌కు అక్కడి సర్వీసు సెంటరులో వారంటీ దొరకడం కష్టం. బావగారిని మంచి బిట్ల సెట్టు తెమ్మనండి, ఆయనకూ తృప్తి, మీకూ ఉపయోగం.

కృష్ణాతీరం:

నాది విజయవాడ. మా కింది అంతస్తు నాన్నగారు కట్టించిన ఎర్ర ఇటుక ఇల్లు, పై అంతస్తు నేను ఈ మధ్య లైట్ వెయిట్ బ్లాకులతో కట్టించుకున్నాను. కింద బాగా పనిచేసిన హ్యామర్ మోడ్‌ను పైన కూడా వాడి ఒక పాఠం నేర్చుకున్నాను. ఆ బ్లాకు లోపలంతా గాలి బుడగలే కనుక దెబ్బకు రంధ్రం మూతి గరాటులా విచ్చుకుపోయింది. ప్లగ్గు వదులుగా కూర్చుంది. నాలుగో రోజు తెల్లవారుజామున కర్టెనూ, రాడ్డూ, అరచేతి వెడల్పు ప్లాస్టరూ కలిసి మంచం మీద పడ్డాయి. అలాంటి గోడకు దెబ్బ పూర్తిగా ఆపి, తిప్పుడు మాత్రమే ఉంచి, ప్లగ్గు కంటే ఒక కొలత తక్కువ బిట్‌తో రంధ్రం చేసి, పొడవాటి నైలాన్ ప్లగ్గు వేయాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ అపార్టుమెంటులో కూడా బయటి గోడలు కాంక్రీటై, బాత్‌రూము పక్కనో బాల్కనీలోనో కొన్ని అడ్డుగోడలు బ్లాకులవి కావచ్చు. ఒక గోడను చూసి ఇల్లంతా అంతే అనుకోవద్దు.

ఆంపియర్ గారి 18 వోల్టుల వాదన మగవారి మణికట్టును చూసి చేసినదేమోనని నా అనుమానం. 12 వోల్టుల డ్రిల్ బ్యాటరీతో కలిపి కిలో అటూ ఇటూ ఉంటుంది. స్టూలు ఎక్కి, ఒక చేత్తో బ్రాకెట్టు పట్టుకొని, మరో చేత్తో తల పైకి ఎత్తి స్క్రూ బిగించేటప్పుడు ఆ అరకిలో, ముప్పావు కిలో తేడా ఎంతో తెలుస్తుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. 18 వోల్టులది అటక మీద ఉంటుంది, 12 వోల్టులది వంటింటి సొరుగులో ఉంటుంది, ఎందుకంటే చేతికి వచ్చేది అదే. కొనే ముందు దుకాణంలో బ్యాటరీ పెట్టించి, చెయ్యి తల పైకి చాచి, ఒక నిమిషం పట్టుకొని చూడండి. మీ ఇంట్లో ఇంకెవరు వాడతారో వారినీ పట్టుకోమనండి.

ఎండాకాలంలో బ్యాటరీలను కారులోనూ, మేడ మీది రేకుల గదిలోనూ వదలవద్దు. మా ఊరి మే నెలలో పని చేసి వెంటనే ఛార్జరులో పెడితే ఎర్రలైటు వెలిగి ఛార్జి మొదలే కాదు. అది చెడిపోలేదు, చల్లబడేదాకా ఆగుతున్నది. నెలల తరబడి వాడనప్పుడు పూర్తిగా ఖాళీ చేసి కాకుండా, సగం ఛార్జిలో ఉంచండి.

ఇంకొక్క మాట. నాలుగు మెషిన్ల సెట్లలో తరచుగా ఇనుమూ, టైల్సూ కోసే చక్రపు గ్రైండరు కూడా ఇస్తారు. ఇంట్లో కొత్తగా పని నేర్చుకుంటున్నవారు దానితో మొదలుపెట్టవద్దు. మా వీధిలో పని చేసే కుర్రవాళ్లు అడ్డు వస్తుందని దాని చక్రాన్ని కప్పే గార్డు తీసేసి వాడుతుంటే చూడటానికే భయమేస్తుంది.

కొత్తకాపురం:

అందరికీ ధన్యవాదాలు. బిల్డరు కార్యాలయంలో అడిగితే గోడలు మివాన్ అనీ, వంటింటి పక్కనున్న యుటిలిటీ బాల్కనీ అడ్డుగోడ ఒక్కటే బ్లాకులదనీ చెప్పారు. కృష్ణాతీరం గారి ఊహ నిజమైంది. నిన్న మా ఆవిడను కూడా రాణీగంజ్ తీసుకువెళ్లాను. ఆమె రెండు డ్రిల్లులూ చెయ్యి చాచి పట్టుకొని, 12 వోల్టులదే కావాలని తేల్చేసింది. ఆంపియర్ గారు క్షమించాలి. దానితోపాటు వైరు హ్యామర్ మెషిన్ ఒకటి, 6, 8, 10 మి.మీ. ఎస్‌డీఎస్ బిట్లు తీసుకున్నాను. బిట్లు, ప్లగ్గులతో కలిపి అనుకున్నదానికంటే ఎనిమిది వందలు ఎక్కువైంది. ఈ ఉదయం పదకొండు గంటలకు, మా అసోసియేషన్ అనుమతించే వేళకు, పోయినవారం ఆగిపోయిన అదే రంధ్రంలో మొన పెట్టి మీట నొక్కాను. అరనిమిషంలోపే గీత పెట్టుకున్న లోతు వచ్చేసింది. మా నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కొని, ఇంకొకటి చెయ్యి చూస్తాను అన్నారు. మూడు కిటికీలు పూర్తయ్యాయి.

నాలుగో కిటికీ దగ్గర మాత్రం మూడు సెంటీమీటర్ల లోతులో బిట్ టంగుమని ఆగిపోయింది. ఎంతసేపు ఉంచినా పోవడం లేదు. ఇక బాత్‌రూము అద్దాలకు టైల్స్ మీద రంధ్రాలు చేయాలి. దానికీ ఇదే హ్యామర్ వాడవచ్చునా?

చెక్కపని:

ఆ టంగుమన్న చప్పుడు లోపలి ఇనుప చువ్వది. బలవంతం చేస్తే బిట్ మొన మీది గట్టి లోహపు ముక్క విరిగిపోతుంది. బ్రాకెట్టును ఒక అంగుళం పక్కకు జరిపి కొత్త రంధ్రం చేయండి, పాతదాన్ని పుట్టీతో పూడ్చేయండి. ఒక జాగ్రత్త ముందే చెప్పవలసింది, మరచిపోయాను. మివాన్ గోడల్లో కరెంటు పైపులు కాంక్రీటు పోసేటప్పుడే లోపల పెట్టేస్తారు, అవి చాలావరకు స్లాబు నుంచి నిలువుగా స్విచ్చు బోర్డులోకి దిగుతాయి. కనుక బోర్డుకు సరిగ్గా పైనా కిందా ఎక్కడా రంధ్రం పెట్టవద్దు. బాత్‌రూములో కుళాయిలకూ షవరుకూ నిలువు గీతలో కూడా అంతే. నీళ్ల పైపుల ఫొటోలు బిల్డరు దగ్గర ఉంటే అడిగి తీసుకోండి.

టైలు మీద దెబ్బ కూడదు, పగులుతుంది. మీ 12 వోల్టుల డ్రిల్‌కు బల్లెం మొన ఉన్న టైలు బిట్ పెట్టి, జారకుండా పేపరు టేపు అంటించి, నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య తడిగుడ్డతో బిట్ చల్లార్చుకుంటూ టైలు మందం దాటించండి. నేల టైల్స్‌లాంటి గట్టి విట్రిఫైడ్ రకమైతే దానికి డైమండ్ బిట్ కావాలి. టైలు దాటి కాంక్రీటు తగిలాక అప్పుడు హ్యామర్ తీసుకోండి. కాకపోతే దాని బిట్ టైలు రంధ్రం కంటే సన్నగా ఉండాలి, టైలుకు 8 మి.మీ. అయితే గోడకు 6. రెండు టైల్స్ కలిసే గీతకు మరీ దగ్గరగా పెట్టకండి, మూల లేచిపోతుంది.